కరిబండ మరుగు మనుషులు

కరిబండకు బస్సు రాదు. నాగల్‌గిద్ద నుంచి నారాయణఖేడ్ పోయే తారు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది, బస్సు అక్కడ దింపి పోతుంది. అక్కడి నుంచి ఊరికి ఆరు కిలోమీటర్లు మట్టి బాట. ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో బురద, నడుమ ఒక వాగు. నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో నడిచినవాళ్ళకే తెలుసు. అడుగు అడుగుకూ మట్టి చెప్పులకు పట్టుకుని, పది అడుగులు వేసేసరికి మనిషి రెండంగుళాలు పొడుగవుతాడు. ఆ బాట మీద పద్నాలుగేళ్ళుగా ఆటో నడుపుతున్నవాడు మాణిక్యప్ప.

అతనికి యాభై రెండేళ్ళు. మనిషి సన్నం, గొంతు లావు. అతని ఆటోలో వెనక సీటు మీద నలుగురు, ఎదురుగా చెక్క బల్ల మీద ముగ్గురు, అతనికి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. అంతకు మించి ఎక్కి సంచుల మీద కూర్చున్నవాళ్ళను అతను మనుషుల కింద కట్టడు, సామాను కింద కడతాడు. పోలీసులు పట్టుకోరా అని మీరు అడగొచ్చు. కరిబండకు రావాలంటే పోలీసులు కూడా ఆ ఆటోలోనే రావాలి.

కుర్రతనంలో మాణిక్యప్ప చెరుకు కొట్టే గుంపుతో జహీరాబాద్ వైపు పోయాడు. తర్వాత హైదరాబాద్‌లో ఎవరిదో ఆటో నాలుగేళ్ళు నడిపాడు. అక్కడ ఎక్కేవాళ్ళ ముఖం అద్దంలో ఒకసారి కనబడేది, మళ్ళీ జన్మలో కనబడేది కాదు. ఆ సంగతే అతనికి సయించలేదు. పాత ఆటో ఒకటి కొనుక్కుని ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు అద్దంలో కనబడే ప్రతి ముఖానికీ తాత పేరు చెప్పగలడు. హన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఆమెకు అంచు సీటు. దత్తు బిడ్డ గీత కాలేజీకి పోయే పిల్ల, పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చుంటుంది. పుట్టింటి నుంచి వస్తున్న కొత్త కోడలికి కళ్ళు తుడుచుకోవడానికి వాగు దగ్గర ఒక్క నిమిషం ఆపుతాడు, ఇంజనులో ఏదో చూస్తున్నట్టు వంగి నిలబడతాడు. ఊరికి కాళ్ళు తానే అని అతనికి లోపల కొంచెం గర్వం. ఆ మాత్రం గర్వం అతనికి చెల్లుతుందనే నేనంటాను.

అట్లాంటి మనిషిని కరిబండలో ఎంతమంది ఉన్నారని అడిగితే మాత్రం తల గోక్కునేవాడు. తెలియక కాదు. ఆ ఊళ్ళో మనుషుల లెక్క చెప్పరు.

దానికొక కథ ఉంది. తాతల కాలంలో పట్వారి వచ్చి ఇంటింటికీ తిరిగి, ఎంతమంది ఉంటే అన్ని గీతలు గేరుమట్టితో గోడల మీద గీయించాడట. ఆ వానాకాలమే గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలు, ఎనిమిది రోజుల్లో పదకొండు మంది పోయారు. గోడ మీద గీతలున్నాయి, ఇంట్లో మనుషులు లేరు. అప్పటి నుంచి కరిబండ ఆడవాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారు. గడపలో నిలబడి మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరడిగినా ఒకరిని తగ్గించి చెప్పాలి. అట్లా తగ్గించిన మనిషిని మరుగు మనిషి అంటారు. ఎవరిని మరుగు పెట్టాలో ఇల్లాలి ఇష్టం. ఎవరు లేకపోతే తాను బతకలేనని ఆమె అనుకుంటుందో వాళ్ళనే పెడుతుంది. పెట్టిన సంగతి భర్తకు చెప్పదు, బిడ్డలకు చెప్పదు. బయటి మనిషికి ఆ మాటే తెలియనివ్వరు.

అయితే రేషన్ బియ్యం దగ్గర ఎవరూ మరుగు పెట్టరు. తలకు ఇన్ని కిలోలు అన్న రోజున కరిబండలో చంకలోని పిల్లకు కూడా తల ఉంటుంది. తప్పు పట్టడానికి లేదు, ఆకలి వేరు, భయం వేరు. కాకపోతే ఆ కార్డులన్నీ ఎప్పటివో. తర్వాత వచ్చిన కోడళ్ళు, పుట్టిన పిల్లలు చాలామంది వాటిలో ఎక్కనే లేదు. వాటిని చూసి ఊరి జనాభా చెప్పడం కుదరదు.

ఇక రోడ్డు సంగతి. ఐదువందల మంది ఉన్న ఊరికైతే తారు రోడ్డు వేస్తామని పైవాళ్ళు అన్నారు. రోడ్డు పడితే బస్సు వస్తుంది. ఐదేళ్ళ కింద ఒకసారి లెక్క రాసుకుపోయారు. నాలుగువందల అరవై చిల్లర తేలింది. ఊరు చిన్నది అని కాగితం వెనక్కి వచ్చింది. కరిబండవాళ్ళు ఆ కాగితం పంపినవాళ్ళను తిట్టారు, వానను తిట్టారు, నాయకులను తిట్టారు. ఇంటికొకరిని తామే దాచిపెట్టిన సంగతి ఎవరి నోటా రాలేదు.

ఈ ఏడు మళ్ళీ అవకాశం వచ్చింది. పంచాయతీ సెక్రటరీగా సంధ్యారాణి అనే అమ్మాయి వచ్చి ఏడు నెలలయింది. కల్హేర్ వాళ్ళమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. రేకుల షెడ్డు దాకా స్కూటీ మీద వచ్చి, దాన్ని అక్కడ పెట్టి, మాణిక్యప్ప ఆటో ఎక్కుతుంది. ఆమెకు ఇంకో ఊరు కూడా ఉంది, రెండూళ్ళ మధ్య నలిగిపోతుంది. అయినా మూడు రోజులు ఎండలో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంది.

బుధవారం సాయంత్రం షెడ్డు దగ్గర ఆటో నిండడం కోసం మాణిక్యప్ప ఆగి ఉన్నాడు. ముందు సీట్లో సంధ్యారాణి. బల్ల చివర గీత, నారాయణఖేడ్ కాలేజీ నుంచి వచ్చి ముందు వైపు తిరిగి కూర్చుంది. సంధ్యారాణి రిజిస్టర్ తెరిచి వేళ్ళతో ఏదో కూడుతూ, మళ్ళీ కూడుతూ ఉంది.

"ఏంది మేడం, పరేషాన్‌గ ఉన్నవ్?" అన్నాడు మాణిక్యప్ప.

"నాలుగువందల అరవై ఎనిమిది వచ్చిందన్నా. ఇంకా ముప్పై రెండు మంది కావాలి. రేపొక్క రోజే ఉంది. ఎల్లుండి శుక్రవారం గ్రామసభల చదివి సంతకాలు తీసుకోవాలె. శనివారం కాగితం పోవాలె."

"లేకుంటే?"

"లేకుంటే ఇగ ఇప్పట్ల రాదు. నాకెందుకో ఎక్కడనో తప్పైందనిపిస్తుంది. నువ్వు రోజూ అందరినీ తోల్కపోతవ్ గదా, జర విను. ఎవరన్న తప్పిపోయిండ్రా చెప్పు." ఆమె ఒక పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది. "దత్తు ఇల్లు. దత్తు, రామవ్వ, వాళ్ళ కొడుకు. ముగ్గురు. సరిపాయెనా?"

మాణిక్యప్ప అద్దంలోకి చూశాడు. అద్దంలో గీత ఉంది. దత్తు, రామవ్వల పెద్ద బిడ్డ, వాళ్ళింటి నాలుగో మనిషి, సంధ్యారాణి వీపు వెనకే కూర్చుని తన ఇల్లు తను లేకుండా చదవడం వింటోంది. ఇల్లు తిరిగిన మూడు రోజులూ పిల్ల కాలేజీలో ఉంది, సంధ్యారాణికి ఎవరి బిడ్డో తెలియదు.

ఆ పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత అర్థం చేసుకుంది. రామవ్వ పొద్దున లేస్తే బిడ్డను తిట్టనిదే చీపురు పట్టదు. చదువెందుకు, పొలానికి రారాదా అని ఊరంతా వినేట్టు అరుస్తుంది. అట్లాంటి తల్లి ఇంట్లో అందరిలోకీ తనను మరుగు పెట్టుకుంది. గీత సంచిని గట్టిగా పట్టుకుని తల పక్కకు తిప్పి కందిచేలు చూస్తూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవి మీద నవ్వుంది.

"సరిపాయెనా అన్నా?" మళ్ళీ అడిగింది సంధ్యారాణి.

"నాకేం ఎర్క మేడం. ఇంటోళ్ళు చెప్పిందే లెక్క," అని మాణిక్యప్ప ఆటో స్టార్ట్ చేశాడు. ఇంకా రెండు సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఖాళీ సీట్లతో అతను షెడ్డు వదలడం ఆ నెలలో అదే మొదటిసారి.

దారి పొడుగునా అతని మనసు మనసులో లేదు. మాట దాచింది కట్టుబాటు కోసమే అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ మనిషి అబద్ధమాడేవాడు కాదు, తనతో తాను అసలు ఆడలేడు. రోడ్డు పడితే బస్సు వస్తుంది. బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. తన ఆటో ఎక్కేవాళ్ళలో పదికి ఎనిమిది మంది ఆడవాళ్ళే. కట్టుబాటు సగం, కడుపు సగం కలిసి తన నోరు మూశాయని వాగు దాటేసరికి ఒప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి భార్య బసమ్మతో ఆ మాటే అన్నాడు. ఆమె పొయ్యి ముందు జొన్న రొట్టె తడుతోంది. కొడుకు నాగేశ్, కోడలు భాగ్య ఇంకా పొలం నుంచి రాలేదు. రెండేళ్ళ మనవరాలు షైనీ గుమ్మంలో ఆడుకుంటోంది. ఆ పేరు పెట్టింది భాగ్య. ఊళ్ళో ముసలివాళ్ళకు నోరు తిరగక సైని, సాయిని అని తలా ఒక రకంగా పిలుస్తారు, ఆ పిల్ల అన్నింటికీ పలుకుతుంది.

"నీకెందుకయ్యా గీ లొల్లి?" అంది బసమ్మ. "అందరూ దాసుకుంటరు. ఒక్కనివి నువ్వెట్ల బయట వెడ్తవ్? రేపు ఎవరింట్లనన్న పిల్లకు జరమొచ్చినా నీ వల్లనే అంటరు. అయినా బస్సొస్తే మన ఆటోల కూసునేదెవరు? నేనే కూసోను, ఫిరీ బస్సు ఎక్కుత."

"నువ్వు గూడ ఎక్కుతవా?"

"ఎక్కనా మరి? నడుము ఇరిగిపోతుంది నీ ఆటోల." ఆమె నవ్వింది, రొట్టె తిప్పింది, మళ్ళీ ముఖం ముడుచుకుంది. "ఊకె ఉండు. ఏం మాట్లాడకు. పద్నాలుగేండ్ల సంది గదే మనకు అన్నం పెట్టింది."

బసమ్మ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అందుకే అతనికి బువ్వ సయించలేదు. తమ ఇంట్లో ఆమె ఎవరిని మరుగు పెట్టి ఉంటుందో అతనెప్పుడూ అడగలేదు. అడగకుండానే తెలుసనుకున్నాడు. ఆమె ప్రాణమంతా షైనీ మీదే ఉంది గనక షైనీనే అనుకున్నాడు.

గురువారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. పొద్దు పొడిచేసరికి బాట పిండి ముద్దయింది. అయినా ఆటో తీశాడు, గీతకు ఆ రోజు పరీక్ష ఉంది. ఎక్కింది ముగ్గురే, గీత, హన్నమ్మ, ఇంకొక రైతు. వాగుకు ఇవతల పల్లం దగ్గర వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. మాణిక్యప్ప, రైతు కలిసి నెట్టారు. గీత చెప్పులు విప్పి, పరికిణీ దోపుకుని ఆమె కూడా నెట్టింది. హన్నమ్మ మోకాళ్ళతో ఏం చేయలేక లోపలే కూర్చుని నెట్టండి, నెట్టండి అని అరిచింది. ఆటో ఇంకాస్త దిగింది. వాగు అప్పటికే దాటే చోటి రాయి మునిగేట్టు పారుతోంది.

గంట గడిచింది. పరీక్ష మొదలయ్యే వేళ అయిపోయింది. గీత గట్టు మీద కూర్చుని ఒక పుల్లతో పాదాల మట్టి గీకుతోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"కాకా, రేపటి సంది నాకు సీటు ఆపకు," అంది.

"ఏమైంది బిడ్డా?"

"నాయిన ఇగ చాలన్నడు. ఈ వానకాలంల ఇరవై రోజులు పోలే కాలేజీకి. మా సార్ కూడా అట్లనే అన్నడు, హాజరు చాలదని." ఆమె పుల్ల పారేసింది. "సెక్రటరీ మేడం కాగితంల నేను ఊళ్ళెనే లేను గదా. లేనిదానికి కాలేజెందుకు?"

"మీ అవ్వకు నువ్వంటే పానం బిడ్డా. అందుకే..."

"నాకెర్కే కాకా. నిన్న రాత్రి అవ్వ పక్కనే పండుకున్న. అవ్వ మంచిదే. నేను ఇంట్ల ఉంటే మస్తు మంచిగ చూసుకుంటది. కని ఇంట్లనే ఉంటగా ఇగ."

పద్నాలుగేళ్ళుగా మాణిక్యప్ప ఈ ఊరిని తానే మోస్తున్నానని అనుకుంటున్నాడు. వాన పడ్డ ప్రతిసారీ ఊరు తనతో పాటు ఇక్కడే దిగబడుతోందని ఆ గట్టు మీద అతనికి తట్టింది. సిగ్గేసింది. మధ్యాహ్నం ఎవరో ఎడ్లు తెచ్చి ఆటోను లాగారు. గీత అప్పటికే వెనక్కి నడిచి ఇంటికి పోయింది.

శుక్రవారం బడి వరండాలో గ్రామసభ పెట్టారు. వాన తెరిపి ఇచ్చింది. ఊళ్ళో సగం మంది వచ్చారు, ఆడవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు. బసమ్మ షైనీని ఒళ్ళో పెట్టుకుని హన్నమ్మ పక్కన కూర్చుంది. ముందు వరసలో సంగప్ప ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, గత్తర కథ తండ్రి నోట విన్నవాడు. ఊళ్ళో పెళ్ళి కుదిరినా, పంచాయితీ తెగినా చివరి మాట ఆయనది.

సంధ్యారాణి లేచి మొత్తం ఎంతో చెప్పింది. "నాలుగువందల అరవై ఎనిమిది. ఎవరన్న మిగిలిండ్రా? ఇప్పుడే చెప్పుండ్రి. దండం పెట్టి అడుగుతున్న."

ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. సంగప్ప గొంతు సవరించుకుని, "గంతే మేడం. అందరూ వచ్చిండ్రు," అన్నాడు.

మాణిక్యప్ప లేచాడు. బసమ్మ అతని వైపు కళ్ళెర్ర చేసింది, కూర్చో అని చేత్తో సైగ చేసింది. అతను ఆమె వైపు చూడలేదు, చూస్తే కూర్చుండిపోయేవాడే.

"మేడం, నేను లెక్క చెప్తలేను," అన్నాడు. "నాకు లెక్కలు రావు. నా ఆటోల ఎవరు ఏడ కూసుంటరో చెప్త. నువ్వేమన్న రాసుకో."

సంధ్యారాణి పెన్ను తీసింది.

"బల్ల చివరికి దత్తు బిడ్డ గీత. కాలేజీకి పోతది. మొన్న నీ ఎనకనే కూసుంది. ఎనక సీటుల అవతలి అంచుకు శ్రీనివాస్ పెండ్లాం, పెండ్లై ఏడాదైంది, ఖేడ్ దవాఖానకు సూయించుకోను పోతుంది. ఆమె పక్కకు వాళ్ళత్త. అత్త నీ కాగితంల ఉంటది, కోడలు ఉన్నదో లేదో సూడు. నా ఎడమ దిక్కు కిష్టప్ప చిన్నకొడుకు, షెడ్డు దాకా వచ్చి మనూర్ బస్సు ఎక్కుతడు, ఆడ మెకానిక్ పని నేర్సుకుంటుండు..."

"నోరు మూసుకో!" సంగప్ప కర్ర నేలకేసి కొట్టాడు. "ఏం మాట్లాడుతున్నవ్‌రా? మల్ల గత్తర తెస్తవా ఊరి మీదికి? పదకొండు మంది పోయిండ్రు!"

వరండాలో కలకలం రేగింది. మాణిక్యప్ప చేతులు జోడించాడు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"పోయిండ్రు పెద్దయ్యా. మా తాత తమ్ముడు గూడ పోయిండు. గీతలు గీసినందుకు పోలే. వాన నీళ్ళు వాగులకొచ్చినయ్, ఆ నీళ్ళే తాగిండ్రు. ఎనిమిది దినాలు వాగు దాటి ఒక్క డాక్టర్ రాలేకపోయిండు, ఒక్క మనిషిని అవతలికి కొంచపోలేకపోయిండ్రు. బాట లేక సచ్చిండ్రు. మనం గిప్పుడు గా బాటనే రానిస్తలేము. మన మనుషులను మనమే దాసి బాట ఆపుతున్నం. నేను గూడ ఆపిన. బుధవారం మేడం అడిగితే ఎర్క లేదని చెప్పిన. నా ఆటో పోతదని చెప్పిన. మీకు చెప్పుకోను సిగ్గైతుంది."

సంగప్ప కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. తండ్రి చెప్పిన కథలో గోడ మీది గీతలు ఆయనకు బాగా గుర్తు. వాగు సంగతి కూడా ఆ కథలో ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు గోడ వార నుంచి రామవ్వ లేచింది. ఊరంతా వినేట్టు అరిచే గొంతు ఆ రోజు పైకి రాలేదు.

"రాయి మేడం," అంది. "గీత. నా బిడ్డనే. పదిహేడేండ్లు." చెప్పేసి, తప్పు చేసిన పిల్లలాగా కూర్చుని గీత చెయ్యి పట్టుకుంది. గీత ఆ చెయ్యి వదలలేదు.

తర్వాత ఇంకొక ఆమె లేచింది. ఇంకొక ఆమె. కొందరు లేవలేదు, మాణిక్యప్ప వాళ్ళ పేర్లు చెబితే కాదనలేదు. ఒకామె చెబుతూ ఏడ్చింది. హన్నమ్మ కూర్చున్న చోటి నుంచే, "నా తమ్ముడు, నాతోనే ఉంటడు, జర మాటలు రావు, ఆయనను ఎప్పుడూ చెప్పలే," అంది. ఆ తమ్ముణ్ణి మాణిక్యప్ప కూడా ఎప్పుడూ ఆటో ఎక్కించుకోలేదు. ఊళ్ళో అందరూ తనకు తెలుసుననుకున్న గర్వం అతనికి అక్కడ కొంచెం దిగింది. సంధ్యారాణి తల ఎత్తకుండా రాస్తూనే ఉంది. చివరికి కూడి, మళ్ళీ కూడి, "ఐదువందల పది," అంది.

వరండాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. భయం ఇంకా ఉంది. కానీ అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, ఇంతమందిమి ఉన్నామా అన్నట్టు.

"ఇంకొకటి ఉంది మేడం," అన్నాడు మాణిక్యప్ప. "ఊరందరివి చెప్పి నాది దాసుకుంటే మంచిగుండదు. మా ఇంట్ల షైనీ, నా మనుమరాలు. రెండేండ్లు. రాసుకో."

సంధ్యారాణి పేజీలు తిప్పింది. వేలు పెట్టి చూసింది. "షైనీ ఉందన్నా. గది మీ ఇల్లని నాకు తెల్వలే. నలుగురిని రాయించిండ్రు. బసమ్మ, నాగేశ్, భాగ్య, షైనీ." వేలు మళ్ళీ పైనుంచి కిందికి దించింది. "నీ పేరే లేదన్నా."

మాణిక్యప్పకు వెంటనే తలకెక్కలేదు. నాగేశ్ ఉన్నాడు, భాగ్య ఉంది, చంటిపిల్ల ఉంది. బసమ్మ ప్రాణమంతా మనవరాలి మీదే అని ఎవరు అడిగినా అతను చెప్పేవాడు. ముప్పై ఏళ్ళుగా తనను ఊకె ఉండమనీ, నీకేం తెలుసనీ కసిరే మనిషి, పొద్దున చక్రం మీద పసుపు చల్లి పంపి, చీకటి పడకముందే గడపలోకి వచ్చి నిలబడే మనిషి, ఇంట్లో అందరినీ లోకానికి చూపించి తననొక్కణ్ణి దాచుకుంది. అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షైనీ జడ సర్దుతోంది.

"ఇగ ఊకో మేడం," అన్నాడు సంగప్ప. కోపం పోయిన గొంతు. "ఐదువందలు దాటినయ్ గదా. ఒక్కడు తక్కువైతే ఏమైతది? ఆయనను గట్లనే ఉండనీ. రోజూ వాగు దాటే మనిషి."

సంధ్యారాణి బసమ్మ వైపు చూసింది. "నీ ఇష్టం అమ్మా. రాయకున్నా పని ఆగదు."

బసమ్మ షైనీని హన్నమ్మ ఒళ్ళోకి మార్చి లేచి నిలబడింది.

"ఎట్లుంటడు గట్లనే?" అంది. "అందరి మనుషులను పేరు వెట్టి బయటికి తీసిండు. రామవ్వ బిడ్డను తీసిండు. వాళ్ళందరూ భయపడుకుంటనే ఇచ్చిండ్రు. నా మనిషినొక్కన్ని నేను దాసుకుంటనా? రాయి మేడం."

"పేరు చెప్పు."

ఆడవాళ్ళలో చిన్న సందడి. ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ మగని పేరు నోట పలకదు. ఇన్నేళ్ళూ బసమ్మ అతన్ని ఇగో అనో, నాగేశ్ వాళ్ళ నాయిన అనో పిలిచింది. ఓటు దగ్గర కూడా పక్కామెతో చెప్పించింది. హన్నమ్మ ఆమె కష్టం చూసి, "నేను చెప్తలే," అని నోరు తెరిచింది. బసమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మాణిక్యప్ప," అంది. వరండా చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినబడింది.

"వయసు?"

"యాభై రెండు."

"ఏం పని చేస్తడు?"

బసమ్మ గేటు బయట నిలబెట్టిన ఆటో వైపు చూసింది. చక్రాలకు నిన్నటి మట్టి ఇంకా ఉంది.

"ఇప్పటికైతే ఆటో నడుపుతడు," అంది.